ఖుబానీ ఉడుకుతుంటే కెచ్‌కెమేట్

నిన్న సాయంత్రం కూరగాయల సంచీతో మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గర ఆగిపోయాను. ఆ ఇంట్లో ఇవాళ అమ్మాయి నిశ్చితార్థం. ముందురోజే ఖుబానీ కా మీఠా, అదే ఎండు ఆప్రికాట్ల తీపి, మొదలుపెట్టేశారు. నానిన పండ్లు చక్కెరతో కలిసి మెత్తగా ఉడికి, గరిటెకు అంటుకునే పాకానికి వచ్చినప్పుడు ఒక వాసన లేస్తుంది. ముందు తీపి, దాని వెనక పులుపు, ఆ పులుపు వెనక ఎక్కడో సన్నగా బాదంపప్పు. పెళ్లిళ్లలో ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. కానీ విస్తట్లో వడ్డించిన ఖుబానీ వేరు, పొయ్యి మీద ఉడుకుతున్న ఖుబానీ వేరు. ఆ రెండోది నన్ను ఎప్పుడూ ఒకే చోటికి తీసుకుపోతుంది. హంగేరీలో కెచ్‌కెమేట్ అనే ఊళ్లో, ఒక పెంకుటింటి వెనకవైపు వంటగదికి.

అక్కడ జూలై అంటే ఖుబానీల నెల. డాన్యూబ్, టీసా నదుల మధ్య ఇసుక నేలల ఊరు అది. చుట్టూ తోటలే. పండ్లు ఒక్కసారిగా పండుతాయి, ఒక్కసారిగా రాలతాయి. వాటిని ఎవరూ ఆపలేరు కాబట్టి ఊరు ఊరంతా ఆ రెండు మూడు వారాలు జామ్ వండుతుంది. మన ఇళ్లలో ఆవకాయ రోజులు ఎలా ఉంటాయో అలాగే. పెద్ద పెద్ద గిన్నెలు బయటికొస్తాయి, సీసాలు ఎండలో బోర్లిస్తారు, ఇంట్లో ఎవరూ ఖాళీగా కూర్చోరు. నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడని అందరూ "నేని" అనేవాళ్లు. అంటే పిన్ని, అత్తయ్య, పెద్దమ్మ, అన్నీను. ఆవిడ గుమ్మం దగ్గర పీట వేసుకుని, పండ్లలోంచి తీసిన గింజల్ని ఒక రాతి మీద పెట్టి సుత్తితో పగలగొట్టేది. లోపలి పప్పుల్ని గిన్నెకు నాలుగైదు లెక్కన మాత్రమే వేసేది. "ఎక్కువైతే చేదు, లేకపోతే వాసన ఉండదు" అనేది. నిన్న మెట్ల మీద నన్ను ఆపిన బాదం వాసన అదే. హైదరాబాదులో కూడా ఆ పప్పులే తీసి ఖుబానీ మీద చల్లుతారని చెబితే ఆవిడ నమ్మలేదు.

ఆ నేని పోయారని ఈమధ్యే కబురొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ గురించి రాయాలంటే ముందు ఇంకొకాయన గురించి రాయాలి.

* * *

ఆయన పేరు కొదాయ్ జోల్తాన్. హంగేరీ సంగీతకర్త, బడిపిల్లలకు పాట నేర్పడం కోసం పాటుపడినాయన. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మనవాళ్లు "కొడాలి" అని చదువుతారు. ఆయన పేరున్న సంగీత సంస్థలో చదవడానికి నాకు స్కాలర్‌షిప్పు వచ్చిన కాగితం చూసి మా నాన్న కూడా అలాగే చదివారు. "కొడాలి వారా? కృష్ణా జిల్లా వాళ్లే అయి ఉంటారు" అన్నారు, నిజంగానే. ఆయన తప్పేమీ లేదు. హంగేరీ వాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు. వాళ్ల సంగీతకర్తల పేర్లే చూడండి: కొదాయ్ జోల్తాన్, బార్తోక్ బేలా, లిస్ట్ ఫెరెన్స్. యూరప్ మొత్తం మీద ఇలా ఇంటిపేరు ముందు చెప్పే వాళ్లని చూసి నాకు మొదటిరోజే ప్రాణం లేచొచ్చింది. క్లాసులో హాజరు వేసేటప్పుడు నా పేరు ఇంటిపేరుతో మొదలుపెట్టి పిలిస్తే సామర్లకోట బళ్లో ఉన్నట్టే అనిపించేది.

నాన్న రైల్వే. సామర్లకోట గూడ్సు ఆఫీసులో పనిచేసేవారు. క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన పిల్లని నేను. రాత్రిపూట వ్యాగన్లు షంటింగ్ చేస్తుంటే, ఒక పెట్టె ఇంకోదాన్ని తాకిన చప్పుడు వరసగా దూరం దాకా పాకిపోయేది. ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాళ్లం. కెచ్‌కెమేట్ వెళ్లాక తెలిసింది, కొదాయ్ తండ్రి కూడా రైల్వే ఉద్యోగేనని, 1882 డిసెంబరు 16న ఆయన పుట్టింది ఆ ఊరి రైల్వే స్టేషన్ దగ్గరేనని. ఆ సంగతి నాన్నకు ఏరోగ్రామ్ మీద రాశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. "మనవాడే అన్నాను కదా" అని ఒక్క వాక్యం, దాని కింద గీత.

రైల్వే వాళ్ల పిల్లలకు ఊరు నిలవదు. కొదాయ్ కుటుంబం కూడా బదిలీల మీద తిరిగింది. గలాంత అనే చిన్న ఊళ్లో తండ్రి స్టేషన్ మాస్టరు. ఆ ఊరు ఇప్పుడు స్లొవాకియాలో ఉంది. తన చిన్నతనంలో అతి మంచి ఏడేళ్లు అక్కడే గడిచాయని తర్వాత ఆయనే రాసుకున్నారు. ఆ ఊళ్లో పేరుమోసిన జిప్సీ మేళం ఒకటి ఉండేది. పసివాడి చెవిన పడిన మొదటి వాద్యబృందం అదే. 1933లో ఆయన రాసిన 'గలాంత నృత్యాలు' విన్నప్పుడల్లా ప్లాట్‌ఫారం మీద నిలబడి మేళం వింటున్న పిల్లవాడు నాకు కనిపిస్తాడు. ఇంట్లో తండ్రి వయొలిన్ వాయించేవారు. సాయంత్రాలు నలుగురు కూడి కచేరీ చేసుకోవాలంటే చెల్లో (వయొలిన్ లాంటిదే, పెద్దది) వాయించే మనిషి తక్కువయ్యాడని, ఈ పిల్లవాడు దాదాపు సొంతంగానే చెల్లో పట్టుకున్నాడు. ఒంటరి చెల్లో కోసం 1915లో రాసిన సొనాటా ఈనాటికీ చెల్లో విద్వాంసులకు కొండంత పరీక్ష.

* * *

మేం చదువుకున్న చోటు పాత ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం. రెండు చర్చీల మధ్య సందులో ఉంటుంది. ఆ సందు పేరే "రెండు గుళ్ల సందు". 1975లో దాన్ని బాగుచేసి కొదాయ్ పేరుతో సంగీత శిక్షణ సంస్థగా మార్చారు. సన్యాసుల గదులే మా క్లాసులు. మందమైన తెల్లగోడలు, కమాను వసారా. మెట్ల దగ్గర ఎవరైనా కూనిరాగం తీస్తే ఆ చివరి గదిలో వినిపించేది. జపాన్ వాళ్లు, అమెరికా వాళ్లు, కెనడా వాళ్లు, గ్రీసు వాళ్లు. చీర కట్టుకున్నది నేనొక్కదాన్నే.

మొదటిరోజు సోల్ఫెజ్ క్లాసు. అంటే మన స్వరజ్ఞానం పాఠమే అనుకోండి. టీచరమ్మ లోపలికి వచ్చారు. గదిలో పియానో ఉంది కానీ దాని మూత తెరవలేదు. చిన్న శ్రుతిదండాన్ని మోకాలికి తాకించి చెవి దగ్గర పెట్టుకున్నారు. "లా" అని సన్నగా అన్నారు. ఆ తర్వాత అరగంట సేపు ఒక్క మాట మాట్లాడలేదు. చేతులే మాట్లాడాయి.

ఆ చేతి గుర్తులు ఇంగ్లండు నుంచి వచ్చినవి. సారా గ్లోవర్ అనే ఆవిడ పెట్టిన స్వరపద్ధతికి జాన్ కర్వెన్ అనే పాదిరి చేతి గుర్తులు చేర్చాడు. లయకు చెప్పే "తా, టి-టి" ఫ్రాన్సు పద్ధతి. కొదాయ్ వీటిని కనిపెట్టలేదు. ఎక్కడెక్కడి మంచినీ ఏరి, తన దేశపు పాటకు అతికించారు. గుప్పిట బిగిస్తే దో. వేళ్లు ఏటవాలుగా పైకి చూస్తే రె. నేలకు సమంగా చాస్తే మి. బొటనవేలు కిందికి దించితే ఫా. అరచేయి తన వైపు తిప్పుకుని నిలబెడితే సో. మణికట్టు దగ్గర వాల్చేస్తే లా. చూపుడువేలు పైకెత్తితే తి.

ఇది నాకు కొత్తగా అనిపించలేదు. వాళ్ల దో కదిలే దో. ఏ శ్రుతిలో పెట్టుకుంటే అక్కడ. మన షడ్జం లాగే. తోటి విద్యార్థులు తంటాలు పడుతుంటే నాకు నల్లేరు మీద నడక అయింది. ఆ ధీమా పావుగంట కూడా నిలవలేదు. టీచరమ్మ రెండు చేతులూ ఎత్తారు. కిటికీ వైపు వాళ్లకు ఎడమ చేయి, తలుపు వైపు వాళ్లకు కుడి చేయి. ఎడమ చేయి సో దగ్గర నిలబడింది, కుడి చేయి దో నుంచి మెట్టుమెట్టుగా ఎక్కడం మొదలుపెట్టింది. రెండు వేర్వేరు స్వరాలు ఒకేసారి. పన్నెండేళ్లు కర్ణాటక సంగీతం నేర్చిన నా చెవిలోకి పక్కవాళ్ల స్వరం దూరి నా స్వరాన్ని లాక్కుపోయింది. మూడోసారి కూడా జారిపోయాక నోరు మూసేసుకున్నాను. ఆవిడ చూశారు. ఏమీ అనలేదు. నా పక్కకు వచ్చి నిలబడి, నాతో పాటు నా స్వరమే పాడుతూ, చేతులు ఆపకుండా క్లాసు నడిపించారు.

ఇంకో రోజు ఇంకో అద్భుతం. అందరం ఒక పాట పాడుతున్నాం. మధ్యలో ఆవిడ గుప్పిట మూసి ఛాతీకి ఆనించుకున్నారు. అంటే బయటికి ఆపేసి లోపల పాడుకోమని. గది నిశ్శబ్దమైపోయింది. వసారాలో ఎవరి బూట్లో టకటకమంటున్నాయి. నాలుగు ఆవర్తనాలంత సేపు గడిచాక ఆవిడ గుప్పిట విప్పారు. పన్నెండు దేశాల గొంతులు ఒకే స్వరం మీద, ఒకే అక్షరం మీద, ఇంతకూడా తేడా లేకుండా పైకి లేచాయి. ఒళ్లు జలదరించింది. మానసిక పూజ అంటే ఏమిటో మా బామ్మ చెప్పేది. ఆ రోజు చెవులారా విన్నాను.

పియానో మూత ఎందుకు తెరవరో కొన్నాళ్లకు అర్థమైంది. పియానోలో పన్నెండు మెట్లనూ సమానంగా సర్దేస్తారు. ఆ శ్రుతికి చెవి అలవాటైతే గొంతులో నిజమైన అంతరం పలకదు. మనిషి గొంతుకు ఇంకో మనిషి గొంతే శ్రుతి కావాలని కొదాయ్ వాదన. 1941లో అందుకోసమే రెండు గొంతుల అభ్యాసాలు రాశారు. తంబూరా ఒడిలో పెరిగిన వాళ్లకు ఈ మాట వేరే చెప్పాలా?

* * *

నెమలి సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు.

చలి మొదలైన రోజుల్లో ఒక పాత హంగేరియన్ పల్లెపాట నేర్పారు. నెమలి ఎగిరి జిల్లా కచేరీ మీద వాలిందని, జైల్లో పడ్డ కుర్రాళ్లకు విడుదల మాత్రం రాలేదని. మంచు దేశంలో నెమలి ఏమిటని ఆశ్చర్యపోయాను కానీ, అసలు ఆశ్చర్యం పాట ఎత్తుకున్నాక వచ్చింది. లా, దో, రె, మి, సో. అయిదే స్వరాలు. పైనుంచి కిందికి దిగుతుంది. మొదటి సగం పైన పాడి, రెండో సగం అదే నడకను అయిదు మెట్ల కింద మళ్లీ పాడతారు. నేను లా దగ్గర షడ్జం పెట్టుకుని చూశాను. స, గ, మ, ప, ని. సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, కైశికి నిషాదం. శుద్ధధన్యాసి! గమకం లేదు, మన నడక కాదు, కానీ స్వరాలన్నీ అవే.

క్లాసయ్యాక బోర్డు మీద రాసి చూపించాను. వాళ్లు దో దగ్గర మొదలుపెట్టే అయిదు స్వరాలు మన మోహన. ఆ మోహనలో ధైవతాన్ని షడ్జం చేసుకుంటే శుద్ధధన్యాసి వస్తుంది. గ్రహభేదం అని మా గురువుగారు సరదాగా ఆడించే ఆట, ఇక్కడ ఒక జాతి పాటలకు పునాది. టీచరమ్మ బోర్డును చాలాసేపు చూశారు. "మళ్లీ పాడు" అన్నారు. నేను కాస్త గమకం పెట్టి పాడాను. గ్రీకు అమ్మాయి కింద షడ్జం పట్టింది, జపాన్ అబ్బాయి పంచమం పట్టాడు. ఎవరూ చెప్పకుండానే అక్కడ తంబూరా తయారైంది.

ఈ నెమలి పాట మీదే కొదాయ్ 1939లో వాద్యబృందానికి రూపభేదాలు అల్లారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌హెబౌ వాద్యబృందానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా. ఎక్కడో పల్లెటూరి పెరట్లో దొరికిన పాట అంత పెద్ద సభకు ఎక్కింది.

దాన్ని ఎక్కించడానికి ముందు ఆయన ఎంత నడిచారో! 1905లో, ఇరవై మూడేళ్లయినా నిండకముందే, వీపున సంచీ తగిలించుకుని పల్లెలు పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. మైనపు గొట్టాల ఫోనోగ్రాఫు మోసుకుని బార్తోక్‌తో కలిసి ఎన్నో ఏళ్లు తిరిగారు. అప్పటికి బుడాపెష్ట్ పెద్దమనుషులకు హంగేరియన్ సంగీతమంటే హోటళ్లలో జిప్సీలు వాయించేదే. పొలాల్లో ముసలమ్మలు పాడే పాటలు వేరే ఉన్నాయని, అవి చాలా పాతవని ఈ ఇద్దరూ ఆ మైనం మీద గీసి మరీ నిరూపించారు. 1906లో ఇరవై పాటలతో మొదటి సంపుటి అచ్చువేశారు. అప్పుడు పెద్దగా కొన్నవాళ్లు లేరు. ఆయన మటుకు ఆ పని చివరిదాకా వదల్లేదు.

* * *

మాకు చెప్పే పెద్ద టీచర్లలో కొందరు ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఆయన పేరు ఎత్తేవాళ్లు కాదు. "తనార్ ఊర్" అనేవాళ్లు, మన "మాస్టారు" లాగా. మాస్టారు తక్కువ మాట్లాడేవారట. గొంతు మెల్లగా ఉండేదట. విద్యార్థి రాసుకొచ్చిన కాగితం మీద ఒక చోట వేలు పెట్టి ఊరుకునేవారట. తప్పేమిటో చెప్పరు. ఆ వేలి కింద ఏముందో వాడే వెతుక్కోవాలి. ముసలితనంలో కూడా ఈత మానలేదట. 1907 నుంచి బుడాపెష్ట్ సంగీత అకాడమీలో పాఠం చెప్పారు. 1919లో ప్రభుత్వం మారినప్పుడు విచారణ పెట్టి పనికి దూరం చేశారు. ఆ అవమానం తర్వాత చాలాకాలం పెద్దగా ఏమీ రాయలేదు.

1923లో, బుడా, పెష్ట్, ఓబుడా మూడూ కలిసి ఒక నగరమైన యాభయ్యో వార్షికోత్సవానికి సంగీతం రాయమని అడిగారు. సంబరానికి రాయమంటే ఆయన ఎంచుకున్నది ఒక ఆక్రోశం. స్నేహితులే ద్రోహం చేశారని దేవుడితో మొరపెట్టుకునే, బైబిల్లోని యాభై అయిదో కీర్తన. దాన్ని హంగేరియన్‌లోకి పద్యంగా మార్చింది పదహారో శతాబ్దపు కెచ్‌కెమేట్ బోధకుడు. తను పుట్టిన ఊరి మనిషి మాటలు తీసుకుని తన కడుపులో ఉన్నదంతా చెప్పుకున్నారని నాకనిపిస్తుంది. రామదాసు చెరలో ఉండి రాముణ్ణి నిలదీశాడే, ఆ స్వరం అందులో ఉంటుంది. ఊరి గాయకబృందంలో ఆల్టో వరుసలో, అంటే ఆడవాళ్ల కింది గొంతులో, నిలబడి ఆ 'ప్సాల్ముస్ హుంగారికుస్' ఒకసారి పాడే భాగ్యం నాకు దక్కింది. చివర అంతా సద్దుమణిగి గొంతులు కిందికి దిగిపోతాయి. పాట అయ్యాక ఎవరూ వెంటనే చప్పట్లు కొట్టలేదు.

ఆయన నవ్వించడం కూడా ఎరుగును. 'హారి యానోష్' వాద్యరచన పెద్ద తుమ్ముతో మొదలవుతుంది. వాద్యబృందం మొత్తం కలిసి తుమ్ముతుంది! ఎవరైనా మాట చెబుతుండగా వినేవాడు తుమ్మితే ఆ మాట నిజమని హంగేరీలో నమ్మకం. మనకేమో తుమ్ము తమ్ముడై చెబుతుంది. ఈ సామెత చెబితే నేని పడీపడీ నవ్వింది.

యుద్ధం మాట మాత్రం నేని నవ్వుతూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ చలికాలం తిన్న ఎండు రొట్టె గురించి ఒకసారి చెప్పి ఆపేసింది. 1944 చివర బుడాపెష్ట్ ముట్టడిలో ఉన్నప్పుడు కొదాయ్ దంపతులు ముందు ఒక కన్యాస్త్రీల మఠంలో, తర్వాత ఒపెరా భవనం నేలమాళిగలో తలదాచుకున్నారు. ఆయన భార్య ఎమ్మా పుట్టుకతో యూదు. అక్కడ దాక్కునే ఆయన తన 'మిస్సా బ్రెవిస్' అనే చర్చి ఆరాధన సంగీతం పూర్తి చేశారు. 1945 ఫిబ్రవరిలో దాన్ని మొదట పాడింది ఒపెరా వేదిక మీద కాదు. ప్రేక్షకులు కోట్లు వదిలిపెట్టే గదిలో, హార్మోనియం తోడుగా. బయట ఫిరంగులు. నేనైతే ఆ రచన వింటున్నప్పుడు ఆ హార్మోనియం గాలితిత్తి ఊపిరి కోసమే చెవి ఒగ్గుతాను.

* * *

ఇక ఆ చిన్న బడి.

1950లో కెచ్‌కెమేట్‌లో ఒక ప్రాథమిక పాఠశాల మొదలైంది. నెమెష్‌సెగి మార్తా అనే టీచరు పూనుకుని పెట్టారు. రోజూ పాట పాఠం ఉండడం అక్కడి పద్ధతి. వారానికో గంట కాదు, లెక్కల్లాగా, చదువులాగా, రోజూ. తర్వాత దేశమంతటా అలాంటి బడులు వందకు పైగా వచ్చాయి. దానికి చాలా ముందే, 1929లో, కొదాయ్ ఒక వ్యాసంలో రాసిన మాట మాకు నోటికొచ్చు. ఒపెరా డైరెక్టరు ఎవరన్నదానికంటే కిష్‌వార్దా అనే చిన్న ఊళ్లో పాటల మాస్టారు ఎవరన్నది ముఖ్యమని. చెడ్డ డైరెక్టరు ఒకసారి ఓడిపోయి వెళ్లిపోతాడు. చెడ్డ మాస్టారు ముప్పై ఏళ్లపాటు ఏటా కొత్త పిల్లల్లో సంగీతం మీద ప్రేమని చంపుతూనే ఉంటాడని. సంగీత శిక్షణ ఎప్పుడు మొదలవ్వాలని ఒకరు అడిగితే, బిడ్డ పుట్టడానికి తొమ్మిది నెలల ముందు అన్నారట. తర్వాత దిద్దుకుని, బిడ్డ కాదు, తల్లి పుట్టడానికి తొమ్మిది నెలల ముందు అన్నారట. ప్రహ్లాదుడి కథ వింటూ పెరిగిన వాళ్లం, మనకిది అతిశయోక్తి కాదు.

గురువారాలు మేం ఆ బడికి వెళ్లి వెనక బల్లల మీద కూర్చుని చూసేవాళ్లం. ఆరేడేళ్ల పిల్లలు మమ్మల్ని చూడగానే "చోకోలోమ్!" అని అరిచేవాళ్లు. పెద్దవాళ్లకు చేతిని ముద్దాడతామని చెప్పే నమస్కారం అది. ఒకసారి ఒక పిల్లాడు. ముందుపళ్లు రెండూ ఊడిపోయాయి. అందరూ సో-మి అంటుంటే వాడొక్కడూ ఎక్కడో కింద బుర్రుమంటున్నాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను, వాణ్ణి ఇప్పుడు ఏం చేస్తారా అని. టీచరు వాడి దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నారు. వాణ్ణి పైకి లాగలేదు. ముందు వాడు పట్టిన స్వరాన్నే తను పట్టుకున్నారు, అదే బుర్రుమనే స్వరాన్ని. వాడు ఆశ్చర్యంగా చూశాడు, తన స్వరంలో ఇంకొకరు ఉన్నారని తెలిసింది వాడికి. అక్కణ్ణించి ఒక్క మెట్టు పైకి వెళ్లారు. వాడూ వెళ్లాడు. ఇంకో మెట్టు. మొత్తం క్లాసు చప్పుడు లేకుండా ఎదురుచూస్తోంది. ఆ రోజు వాడు సో దాకా రాలేదు. టీచరు లేచి, వాడి తల నిమిరి, వాణ్ణి శ్రుతి బాగా పట్టే ఇద్దరి మధ్య కూర్చోబెట్టారు. నెలన్నర తర్వాత వెళ్లినప్పుడు వాడి గొంతు మిగతావాళ్లలో కలిసిపోయింది. వెతికినా దొరకలేదు.

నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు. రెండో తరగతిలో ఉండగా ఆగస్టు పదిహేనుకి ప్రార్థన గీతం సాధన చేయిస్తూ, ఒక మాస్టారు వాణ్ణి వెనక వరుసలోకి పంపి, "నువ్వు పెదాలు ఆడించు చాలు, గొంతు ఎత్తకు" అన్నారు. వాడు అలాగే చేశాడు. ఆ తర్వాత జన్మలో పాడలేదు. ఇంట్లో నేను గీతాలు వల్లిస్తుంటే పుస్తకం తీసుకుని బయట అరుగు మీదికి వెళ్లిపోయేవాడు. వాడికి చదువంటే అంత ఇష్టమని అందరం అనుకున్నాం.

ఆ రాత్రి వాడికి పొడుగాటి ఉత్తరం రాశాను, ఆ పళ్లూడిన పిల్లాడి గురించి అంతా. జవాబు వచ్చింది. నాన్న బీపీ గురించి, గోదావరి వరద గురించి, క్రికెట్టు గురించి రాశాడు. ఈ సంగతి మాత్రం ఎత్తలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత మరదలు చెప్పింది, ఆ ఏరోగ్రామ్ వాడి సర్టిఫికెట్ల ఫైల్లో ఉందని.

* * *

మళ్లీ వంటగదికి వస్తాను.

నేని సంగీత విద్వాంసురాలు కాదు. క్యానింగ్ ఫ్యాక్టరీలో పండ్లూ టమాటాలూ డబ్బాల్లోకి ఎక్కించే పని చేసి రిటైరయింది. చేతుల మీద పాత కాలిన మచ్చలు. ఒక జూలై మధ్యాహ్నం నేను మర్నాటి పరీక్షకు రెండు గొంతుల పాట ఒకటి ఒంటరిగా సాధన చేస్తున్నాను. పై గొంతు పాడుతున్నాను. కిందిది ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. మళ్లీ మళ్లీ అదే చోట జారుతోంది. నేని గింజలు కొట్టడం ఆపి, "కిష్‌లాన్యోమ్, ఆ కాగితం ఇలా తే" అంది. అమ్మాయీ, అని. చేయి ఆప్రాన్‌కి తుడుచుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి ఒక్కసారి చూసింది. చూసి, పాడేసింది. కింది గొంతు మొత్తం, స్వరాల పేర్లతో, మొదటిచూపులోనే.

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. "బళ్లో నేర్పారు" అంది, అదేదో కుట్టుపని అన్నట్టు. చిన్నప్పుడు బడి గాయకబృందంలో పాడిందట. ఒకసారి తెల్లగడ్డం ఆయన వచ్చి మొదటి వరుసలో కూర్చున్నారట. పాటంతా అయ్యాక ఏమీ అనకుండా తల ఒక్కసారి ఊపారట. "ఆ తల ఊపడం మా అమ్మకి చెబితే ఆ రాత్రి పాలల్లో చక్కెర వేసింది" అంది.

ఆ మధ్యాహ్నమంతా పాడుకున్నాం. నేను పైన, ఆవిడ కింద. ఆవిడ లయకు సుత్తి వేస్తోంది. చిన్న గింజకు టి-టి, పెద్దదానికి తా. పొయ్యి మీద ఖుబానీలు పొక్కులు పొక్కులుగా ఉడుకుతున్నాయి. రెండు గొంతులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయని నాకు ఒంటికి తెలిసింది ఆ వంటగదిలోనే. మర్నాడు పరీక్షలో జారలేదు.

* * *

తిరిగొచ్చాక ముప్పై ఏళ్లు హైదరాబాదులో ఒక బళ్లో పాటలు చెప్పాను. వారానికో పీరియడ్ ఇచ్చేవాళ్లు, పరీక్షల ముందు అదీ లాక్కునేవాళ్లు. ఆ గొడవ ఇక్కడ ఎందుకు. పళ్లూడిన పిల్లలు ప్రతి ఏడూ ఉండేవాళ్లు. నేను మోకాళ్ల మీద కూర్చునేదాన్ని, మోకాళ్లు సహకరించినంతకాలం.

మొన్నామధ్య మా అబ్బాయితో మళ్లీ హంగేరీ వెళ్లొచ్చాను. బుడాపెష్ట్‌లో ఆండ్రాషి వీధి కింద నడిచే చిన్న పసుపుపచ్చ మెట్రో ఎక్కి, కొదాయ్ పేరు పెట్టిన స్టేషన్‌లోనే దిగాం. పైకి వస్తే గుండ్రటి కూడలి. 1924 నుంచి 1967 మార్చి 6న కన్నుమూసేదాకా ఆయన ఉన్న ఇల్లు అక్కడే, ఇప్పుడది మ్యూజియం. పియానో, గోడల నిండా పుస్తకాలు, పల్లెల నుంచి తెచ్చుకున్న కుండలు, కుట్టుపని గుడ్డలు. ఫోనోగ్రాఫు ముందు చాలాసేపు నిలబడ్డాను. దాని కొమ్ము బూర నోట్లో మొహం పెట్టి పాడిన ముసలమ్మల ఊపిరి తగిలిన వస్తువు అది.

కెచ్‌కెమేట్‌లో టౌన్‌హాలు గంటలు ఇంకా పాటలు మోగిస్తున్నాయి. నేని మంచంలో ఉంది. నన్ను పోల్చుకోవడానికి కొంచెం టైం పట్టింది. నేను మాటలు వెతుక్కోలేదు, నా హంగేరియన్ తుప్పు పట్టిపోయింది. గుప్పిట బిగించి ఆవిడ ముందు పెట్టాను. దో. ఆవిడ పెదాలు కదిలాయి. చేయి పైకి ఎత్తుతూ వెళ్లాను. సో దగ్గర ఆవిడ తన చేయి పైకి తీసి, వణుకుతూనే, మి దగ్గర నిలిపింది. కింది గొంతు తనదే కదా. నేను సో పాడాను. తను మి పాడింది. గొంతు దాదాపు లేదు, స్వరం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇప్పుడు ఇది రాస్తుంటే కింద అంతస్తులో మళ్లీ చప్పుడు మొదలైంది. ఖుబానీ గింజలు కొడుతున్నారు. ఆ ఇంటి చిన్నపిల్ల కూడా కూర్చున్నట్టుంది, మధ్యలో నవ్వు వినిపిస్తోంది. రాతి మీద సుత్తి. టి-టి, తా. టి-టి, తా.